తిండీ మనసూ – నాలుగో పాఠం: రాత్రి తిన్నదానికి పొద్దున శిక్ష

ఈసారి ‘పావుగంట వాయిదా’, అంటే రాత్రి తినాలనిపించినప్పుడు పావుగంట ఆగి చూడటం, నేర్పిస్తానని చెప్పాను. దాన్ని చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ముందు మీ నోట్సుల సంగతి తేలాలి.

మూడో పాఠంలో నేనడిగింది చిన్న పని. ఏదైనా నోట్లో వేసుకునే ముందు మూడు విషయాలు రాయమన్నాను: టైమెంత, ఆకలికి పదికి ఎన్ని మార్కులు, మనసెలా ఉంది. చాలామంది రాసి పంపారు, సంతోషం. కానీ ఆ మూడు గడుల పక్కన నాలుగోది మీరే గీసుకున్నారు. కొందరు అందులో క్యాలరీలు వేశారు, కొందరు పొద్దున్నే చూసుకున్న బరువు వేశారు. బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి ఒకాయన ఎర్ర ఇంకుతో ‘సిగ్గు లేదు’ అని రాసుకున్నాడు. నేను ఆకలికి మార్కులేయమన్నాను గానీ మీకు కాదు.

మారతహళ్లి పీజీలో ఉండే ఒకమ్మాయి ఇలా రాసింది: “అక్కా, రాత్రి పదకొండింటికి క్లయింట్ కాల్ అయ్యాక చికెన్ రోల్, చిప్స్, అమ్మ పంపిన సున్నుండలు మూడు తిన్నాను. రాసి చూసుకుంటే నామీద నాకే అసహ్యం వేసింది. మర్నాడు టిఫిన్ మానేశాను. మధ్యాహ్నం కీరా ముక్కలతో సరిపెట్టాను. సాయంత్రం దాకా చాలా బాగా ఉన్నాను. రాత్రి మళ్ళీ అదే. నాకు విల్ పవర్ లేదక్కా.”

‘సాయంత్రం దాకా చాలా బాగా ఉన్నాను’ అన్నమాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. బాగా లేవమ్మా, మాడుతున్నావు. నీ నోట్సు నువ్వే చూడు. సాయంత్రం ఏడింటికి క్యాబ్ ఎక్కేటప్పుడు ఆకలికి తొమ్మిది వేశావు. పక్క గడిలో ‘చిరాకు, టెన్షన్, ఏడుపొస్తోంది’ అని రాశావు. పొద్దున్నుంచీ కాఫీ, కీరా మీద ఉన్న మనిషికి అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో చిరాకు రాక ఏమొస్తుంది? అది మనసు బాధ అనుకుని మనసుకు మందు వెతుకుతున్నావు. అందులో సగానికి పైగా కడుపుది.

నాకొచ్చిన నోట్సుల్లో ఎక్కువ శాతం ఇదే కథ. రాత్రి తినడం, పొద్దున శిక్ష, సాయంత్రానికి నకనక, రాత్రి మళ్ళీ తినడం. వీళ్ళంతా రాత్రిని బాగుచేయాలని చూస్తున్నారు. చెడుతున్నది పగలు.

దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. 1975లో హెర్మన్, మ్యాక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అమ్మాయిల్లో కొందరికి ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీములు ఇచ్చి రుచి చూడమన్నారు. మామూలుగా తినే అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు, కడుపు నిండింది కాబట్టి. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండే అమ్మాయిలు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. ఎలాగూ నియమం తప్పింది, ఇక ఎంత తింటే ఏం అన్నట్టు. మునిగినవాడికి చలేంటి అని మనవాళ్ళు అననే అన్నారు. నియమం ఎంత గట్టిగా ఉంటే, తప్పినప్పుడు మునక అంత లోతు. పైగా ‘రేపు తిననుగా’ అన్న హామీ ఉంటే ఈ రాత్రికి పూర్తి లైసెన్సు దొరికినట్టే. రేపటి ఉపవాసం ఈ రాత్రే పనిచేయడం మొదలుపెడుతుంది. ఇది చాలామంది గమనించరు.

ఇంకొకటి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలల పాటు అవసరంలో సుమారు సగం తిండే పెట్టారు. వాళ్ళకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుంది. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. ఆంక్షలు తీసేశాక కొందరు తినడం ఆపలేకపోయారు. వాళ్ళెవరూ విల్ పవర్ లేనివాళ్ళు కాదు, తమంతట తాము ఒప్పుకుని వచ్చినవాళ్ళు.

ఈ శిక్షకు రకరకాల వేషాలున్నాయి. వైట్‌ఫీల్డ్ ఆయన దీన్ని పదహారు గంటల ఫాస్టింగ్ అంటున్నాడు, అదీ ముందు రోజు రాత్రి తిన్నప్పుడే గుర్తొస్తుంది. ఒకావిడ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద కక్ష తీర్చుకుంటోంది. ఇంకొకావిడ శుక్రవారం రాత్రి బిర్యానీకి శనివారం ఒక్కపొద్దుతో ప్రాయశ్చిత్తం చేసుకుంటోంది. మొక్కు కోసం ఒక్కపొద్దు ఉంటే అది మీకూ వెంకన్నకూ మధ్య విషయం, నేను అడ్డురాను. బిర్యానీ లెక్కలోకి మాత్రం ఆయన్ని లాగకండి. రాత్రి భోజనం బదులు మొలకలు తినేవాళ్ళు కూడా ఈ జాబితాలోనే ఉన్నారు. నాకు మొలకలంటే పడదు, అందుకని కాస్త ఎక్కువ తిడుతున్నానేమో. అయినా రాత్రి పదికి మొలకలు తిని, పదకొండింటికి డెలివరీ యాప్ తెరవనివాళ్ళు నాకింకా తగల్లేదు.

సరే, తిన్న మర్నాడు ఏం చేయాలి? ఏమీ జరగనట్టు రోజూ తినే టైముకి టిఫిన్ తినాలి. కడుపు బరువుగా ఉంటే నాలుగిడ్లీల బదులు రెండు తినండి, సున్నా వద్దు. పీజీలో టిఫిన్ ఎత్తేస్తారనుకుంటే అరటిపండు, ఉడికించిన గుడ్డు గదిలో పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం అంటే భోజనమే. బెంగళూరు వచ్చిన మనవాళ్ళు ముందు మానేసేది అన్నమే. నేను మాత్రం పప్పూ అన్నం, చివర పెరుగన్నం తినే లేస్తాను. అది లేని రోజు నాలుగింటికల్లా బేకరీ అద్దాల్లోంచి కొబ్బరి కూరిన తీపి దిల్‌పసంద్ నన్ను పేరు పెట్టి పిలుస్తుంది.

సాయంత్రం ఐదింటికి ఏదో ఒకటి తప్పనిసరి. గుగ్గిళ్ళు, ఉడికించిన పల్లీలు, గ్లాసు పాలు, మీ ఇష్టం. టీతో ఒక ఖారా బన్ను తిన్నా నేరం కాదు. ఒంటిగంటకు తిని మళ్ళీ పదింటికి తింటే మధ్యలో తొమ్మిది గంటలు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి ఆ ఆకలి ముందు ఏ పాఠమూ నిలబడదు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు భోజనం ఎగ్గొట్టడం, టైములు మార్చడం డాక్టర్ని అడక్కుండా చేయకండి, షుగర్ పడిపోవచ్చు.

ఇప్పుడు పావుగంట వాయిదా. రాత్రి తినాలనిపించినప్పుడు ఆకలికి మార్కు వేయండి. ఆరూ అంతకన్నా ఎక్కువైతే వాయిదా లేదు, కూర్చుని పెరుగన్నమో గుడ్డో తినండి. నాలుగూ ఐదూ అయితే మజ్జిగ తాగి చూడండి. మూడూ అంతకన్నా తక్కువైతే, అప్పుడు ఫోన్ చేతికందని చోట పెట్టి పావుగంట ఆగండి. ‘కాల్‌లో మేనేజర్ మాట గుచ్చుకుంది’, ‘గదిలో ఎవరూ లేరు’ అని ఉన్నదున్నట్టు రాయండి. పావుగంటయ్యాక కూడా కావాలనిపిస్తే తినండి. ప్లేట్లో పెట్టుకుని, కూర్చుని తినండి. డబ్బాలోంచి కాదు, మంచం మీద కాదు.

కొందరికి ఈ పాఠాలు సరిపోవు. వారానికి ఒకసారైనా, నెలల తరబడి, చాలా ఎక్కువ తినేస్తూ ఆపుకోలేకపోతుంటే అది బింజ్ ఈటింగ్ డిజార్డర్ కావచ్చు. 2013 నుంచి మానసిక వైద్యులు దీన్ని విడి జబ్బుగానే చూస్తున్నారు. తిన్నది కక్కడం, విరేచనాల మందులు వాడటం ఉంటే ఇక ఆలస్యం చేయొద్దు. బెంగళూరు హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ మానసిక వైద్యశాల ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. కింద ఇచ్చిన అభ్యాసం వీళ్ళు చేయకండి.

మిగతావాళ్ళకు అభ్యాసం. ఏడు రోజులు, ముందు రాత్రి ఏం తిన్నా సరే, తొమ్మిదిలోపు టిఫిన్. ఐదింటికి చిరుతిండి. నోట్సులో మూడు గడులే, నాలుగోది కొట్టేయండి. బరువు మిషన్ మంచం కింద. ఆదివారం మధ్యాహ్నం కడుపునిండా భోంచేశాక, ‘ఇంట్లో ఉంటే ఆగను’ అని మీరు భయపడే వస్తువు ఒక్కటి కొనండి, ప్యాకెట్ కాదు, ఒక్కటి. నాలుగున్నరకు ఎవరైనా ఎదురుగా ఉండగా, దాచుకోకుండా, ప్లేట్లో పెట్టుకుని తినండి. సోమవారం పొద్దున టిఫిన్ తిన్నాకే ఏమైందో రాసి పంపండి. తినకుండా రాసినవి నేను చదవను.