పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలాల్సి వస్తే కస్టడీకి చిక్కు రాకుండా ఏం చేయాలి?

ఆఫీసు నుంచి రావడానికి గంట ఆలస్యం. స్కూలు నుంచి వచ్చిన పిల్లాడు ఇంట్లో ఒక్కడే. భార్యాభర్తలు కలిసి ఉన్న ఇంట్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. విడిపోయి, కస్టడీ కేసు నడుస్తుంటే మాత్రం ఆ గంటే అవతలివాళ్ల పిటిషన్‌లో ఒక పేరా అయిపోతుంది. అలాగని హడలిపోనక్కర్లేదు. వదిలారా లేదా అన్న దగ్గరే కోర్టు ఆగదు. బిడ్డకు ఎన్నేళ్లు, ఎంతసేపు, పగలా రాత్రా, పిలిస్తే పలికే మనిషి ఉన్నారా అని చూస్తుంది.

1. చట్టంతో పాటు మీ కోర్టు ఆర్డర్ కూడా చదవండి

వయసు నిబంధన అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలోని మేరీల్యాండ్‌లో 8 ఏళ్లు నిండని పిల్లల్ని వదిలి వెళ్లాలంటే కనీసం 13 ఏళ్లున్న నమ్మకమైన మనిషి తోడుండాలి. ఇంగ్లండ్‌లో చట్టం వయసు చెప్పదు, కానీ ప్రమాదంలో పడేలా వదిలితే నేరమే. భారత్‌లోనూ ఫలానా వయసు అని లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద చూసేది బిడ్డ సంక్షేమాన్నే.

చాలామంది మర్చిపోయేది తమ చేతిలో ఉన్న కోర్టు ఆర్డర్‌ని. మీకు వీలుకానప్పుడు ముందుగా అవతలి పేరెంట్‌ని అడగాలని కొన్ని ఆర్డర్లలో ఉంటుంది. అది ఉంటే పిల్లాడు ఎంత తెలివైనవాడైనా లాభం లేదు, అడిగి తీరాలి.

2. పిల్లాణ్ణి పరీక్షించండి

"బెల్ మోగింది. అమ్మ పంపింది, తలుపు తియ్యి అంటున్నారు. ఏం చేస్తావ్?" అని అడగండి. "ఎవరో చూసి తీస్తా" అన్నాడంటే ఇంకా టైముంది. "తీయను, నీకు ఫోన్ చేస్తా" అంటే ఒక పావుగంట వదిలి చూడండి. తిరిగొచ్చాక ఏం చేశాడో కాదు, భయమేసిందా అని అడగండి. తమ్ముణ్ణో చెల్లినో చూసుకోమని అప్పగించడం వేరే పరీక్ష. తనను తాను చూసుకోగలిగిన పిల్లలందరూ ఇంకొకర్ని చూసుకోలేరు.

3. ఏర్పాట్లు కాగితం మీద పెట్టండి

మీ నంబరు, పక్కింటివాళ్ల నంబరు, ఎమర్జెన్సీ నంబరు, ఇంటి అడ్రసు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆ కాగితాన్ని ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

4. అవతలివాళ్లకు ముందే చెప్పండి

"శనివారం 4 నుంచి 5 దాకా బాబు ఇంట్లో ఒక్కడే ఉంటాడు. పక్కింటి ఆంటీకి చెప్పాను. ఫోన్ వాడి దగ్గరే ఉంది. అభ్యంతరం ఉంటే చెప్పు." అంతే, పాత గొడవలు ఎత్తొద్దు. ఒప్పుకోకపోతే ఆ గంటకు వేరే ఏర్పాటు చూసుకోవడమే మేలు.

5. "నాన్నకి చెప్పకు" అనొద్దు

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది ఈ ఒక్క మాటే. జడ్జి పిల్లల్ని తన గదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడే అవకాశం ఉంది. అక్కడ "అమ్మ చెప్పొద్దంది" అని పాప అంటే, ఒక గంట ఒంటరిగా ఉండటం చిన్న విషయమైపోతుంది, దాచడం పెద్దదవుతుంది. పైగా ఆ రహస్యం మోయడం పాపకెంత టెన్షనో ఆలోచించండి.

6. ఆరోపణ వచ్చేస్తే

జరిగినదాన్ని జరగలేదనొద్దు. దెబ్బ తగలని ఒక్క సంఘటనకే కస్టడీ మారిపోవడం అరుదు. పసిపిల్లల్ని వదలడం, రాత్రంతా వదలడం, మళ్లీ మళ్లీ వదలడం, గాయాలు కావడం, ఇవి కేసును తిప్పేస్తాయి. ఇకమీదట ఆ గంట ఎవరు చూసుకుంటారో రాసి లాయర్‌కి ఇవ్వండి. ఫలానా వయసు దాకా ఒంటరిగా వదలకూడదని షరతు పెట్టి కోర్టు సరిపెట్టవచ్చు.

7. వదిలేది అవతలివాళ్లయితే

పసిబిడ్డ ఇప్పుడే ఒంటరిగా ఉంటే, ప్రమాదం ఉందనిపిస్తే, పోలీసులకు ఫోన్ చేయండి. వాదనలు తర్వాత. మిగతా సందర్భాల్లో పిల్లల్ని గుచ్చిగుచ్చి అడక్కుండా మీకు తెలిసిందే డైరీలో రాసుకోండి. "ఎప్పుడూ వదిలేసి పోతాడు" అని రాస్తే కోర్టులో నిలవదు. "12వ తేదీ సాయంత్రం 6.10కి వీడియో కాల్ చేశాను. పాప ఒక్కతే ఉంది. 7.40కి వాళ్ల నాన్న వచ్చాడు" అని రాస్తే నిలుస్తుంది.