అడవిలో చెట్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? లెక్క కట్టడం ఎలా?

పెద్ద చెట్లు పచ్చగా నిలబడి ఉంటే అడవి బాగుందనుకుంటాం. కానీ వాటి కింద పిల్ల చెట్లు లేకపోతే ఆ పచ్చదనం ఎంతోకాలం నిలవదు. అది తెలియాలంటే ఒకే చోట, అవే చెట్లను ఏళ్ల తరబడి కొలవాలి. కర్ణాటకలోని కొడగు జిల్లా ఉప్పంగల సతతహరిత అడవిలో 1990లో మొదలైన పని ఇదే. మన నల్లమల ఆకురాల్చే అడవి, అయినా పద్ధతి ఒకటే.

ముందు చోటు చూసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అయితే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఊరి పక్క తోపైనా చాలు, పంచాయతీకి చెప్పి మొదలుపెట్టండి. 50 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు పది గుంటలు కొలిచి నాలుగు మూలలా రాళ్లు పాతండి. చెట్లు ఒత్తుగా ఉన్న చోటునే ఏరుకోవద్దు.

అసలు జాగ్రత్త కొలతలో ఉంది. 130 సెంటీమీటర్ల కర్ర ఒకటి కోసుకుని, దాన్ని చెట్టు మొదట్లో ఆనించి, సరిగ్గా ఆ ఎత్తులో మాను చుట్టుకొలత తీయండి. వాలులో ఉంటే పైవైపు నిలబడి కొలవాలి. ఆ ఎత్తుకు కిందే రెండుగా చీలితే రెండు కొమ్మలనూ విడిగా రాయాలి. కొలిచిన చోట పెయింటుతో గీత గీయండి. నంబరు రేకు మాత్రం ఆ గీతకు దూరంగా కొట్టండి. మేకు చుట్టూ బెరడు ఉబ్బితే వచ్చేసారి కొలత పాడవుతుంది. చుట్టుకొలత 30 సెంటీమీటర్లు దాటిన ప్రతి చెట్టుకూ నంబరు, పేరు, కొలత ఉండాలి. మద్దికీ చిరుమానుకీ తేడా తెలియకపోతే చెంచు పెద్దలను అడగండి, బెరడు చూసి చెప్పేస్తారు.

ఎప్పుడు కొలవాలి? వానలు తగ్గాక, ఆకులు ఇంకా ఉన్నప్పుడు. ప్రతిసారీ అదే నెలలో. ఎండాకాలంలో మాను నీరు తగ్గి కాస్త సన్నబడుతుంది, పైగా మోడులా ఉన్న బతికిన చెట్టును చచ్చిందని రాసేస్తాం. అనుమానం వస్తే బెరడు కొంచెం గీకి చూడండి, లోపల పచ్చిగా ఉంటే బతికే ఉంది.

పిల్ల మొక్కల కోసం లోపలే రెండేసి మీటర్ల చదరాలు నాలుగైదు వేసి లెక్కపెట్టండి. నిప్పు పాకినప్పుడు కాండం కాలిపోయి వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అది కొత్త మొక్క కాదు. అందుకే ప్రతి మొక్క పక్కనా చిన్న గుర్తు పాతాలి.

ఐదేళ్లకు మళ్లీ వెళ్లి మూడు లెక్కలు తీయండి: చచ్చినవి, 30 సెంటీమీటర్లు కొత్తగా దాటినవి, ఉన్నవి ఎంత లావెక్కాయి. 100 చెట్లలో 10 పోతే ఏడాదికి సుమారు 2 శాతం. చచ్చినవి పది, వచ్చినవి పది అయితే మొత్తం మారదు. కానీ పోయినవి ఏగిసలు, వచ్చినవి మోదుగలు అయితే అడవి మారిపోయినట్టే. అందుకే జాతుల వారీగా లెక్కించాలి. ఒక్క కరువుతో తేల్చేయొద్దు కూడా: పనామాలోని బారో కొలరాడో దీవిలో 1983 కరువుకు చాలా పెద్ద చెట్లు పోయాయి, ఆ తర్వాత చావులు తగ్గాయి.

చెట్ల పటం, పట్టిక రెండేసి ప్రతులు తీసి ఒకటి బడిలో, ఒకటి పంచాయతీలో ఉంచండి. వచ్చేసారి కొలిచేది మీరే కాకపోవచ్చు.