సిక్కు వీరుల బలిదాన గాథలకు కళ్లారా చూసిన సాక్షిని పట్టుకోవడం ఎలా?

మొఘలుల మీద తిరగబడిన సిక్కు నాయకుడు బందా సింగ్ బహదూర్ గురించో, అమృత్‌సర్‌లో ముప్పై మందితో ప్రాణాలిచ్చిన బాబా గుర్బక్ష్ సింగ్ గురించో రాసేవాళ్లు చాలామంది "దీనికి ప్రత్యక్ష సాక్ష్యం ఉంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. ఎవరు చూశారు, ఏం చూశారు, ఎప్పుడు చూశారు అన్నది ఉండదు. సాక్షి చెప్పింది ఒకటి, అతని పేరు మీద చలామణీ అయ్యేది ఇంకొకటి. నిజానికి ఈ వీరుల విషయంలో గట్టి సాక్ష్యమే ఉంది. దాన్ని దొరికినంతవరకే వాడాలి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక నోటుపుస్తకం, అందులో నాలుగు గడులు: వివరం, చెప్పినవాడు, రాసిన సంవత్సరం, అతను ఆ రోజు ఎక్కడున్నాడు. పర్షియన్ మూలాలకు అచ్చయిన ఇంగ్లీషు అనువాదాలతో పని మొదలుపెట్టవచ్చు. పంజాబ్ డిజిటల్ లైబ్రరీలో పాత పుస్తకాలు, రాతప్రతులు చాలా ఉన్నాయి. కీలకమైన వాక్యం తగిలినప్పుడు మాత్రం పర్షియన్ వచ్చినవాళ్లకు మూలం చూపించి తీరాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది కష్టమేమీ కాదు.

మొదట గాథను ముక్కలు చేయండి. "బందా బలిదానం" అని ఒకే వరస రాస్తే పని అక్కడే చెడిపోతుంది. 1715 డిసెంబరులో గురుదాస్ నంగల్‌లో పట్టుబడటం ఒక వరస. ఢిల్లీ వీధుల్లో ఊరేగింపు ఒకటి. రోజుకు వందమందిని నరకడం, మతం మారడానికి ఒప్పుకోకపోవడం, పసివాడైన కొడుకు హత్య, 1716 జూన్‌లో బందా మరణం, ఇలా దేని వరస దానిదే.

తర్వాత వెతుకులాట. ఇక్కడ పేర్లు తెలియాలి. ఆనాటి రాతల్లో బందాను "గురు" అనే పిలిచారు, ఇంగ్లీషువాళ్లు "గూరూ" అని రాశారు. పర్షియన్ రచనల్లో సిక్కులు "నానక్ పరస్త్"లుగా (నానక్‌ను కొలిచేవాళ్లుగా) కనిపిస్తారు, అమృత్‌సర్ "చక్" అవుతుంది. ఇప్పటి పేర్లతో సూచికలు తిరగేసి "ఏమీ దొరకలేదు" అనకండి.

అసలు చిక్కు దీని తర్వాతే. పట్టుకున్నవాడు నిజంగా సాక్షేనా? ఏ ముక్కకు సాక్షి? ఇక్కడ తొందరపడితే మిగతా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఈస్టిండియా కంపెనీ రాయబారులు జాన్ సర్మన్, ఎడ్వర్డ్ స్టీఫెన్సన్ 1716 మార్చి 10న ఢిల్లీ నుంచి కలకత్తాకు రాసిన ఉత్తరాన్నే చూడండి. కొద్ది రోజుల కిందట సుమారు 780 మంది బందీలను ఒంటెల మీద నగరంలోకి తెచ్చారని, దాదాపు రెండు వేల తలలు కర్రలకు గుచ్చి ఉన్నాయని అందులో ఉంది. రోజుకు వందమందిని నరుకుతున్నారని, చివరిదాకా ఒక్కరూ తమ మతం వదలలేదని కూడా రాశారు. అప్పుడు వాళ్లు ఢిల్లీలోనే ఉన్నారు కాబట్టి ఈ ముక్కలకు ఇది బలమైన ఆధారం. అదే ఉత్తరంలో బందా ఇరవై ఏళ్లుగా లాహోరు సుబాను (రాష్ట్రాన్ని) ఇబ్బంది పెడుతున్నాడని ఉంది. అది వినికిడి, పైగా తప్పు: బందా పంజాబ్‌లో తిరుగుబాటు మొదలుపెట్టింది 1709లో. ఒకే కాగితంలో చూసిందీ విన్నదీ పక్కపక్కనే ఉంటాయి, వాక్యం వాక్యం విడదీయాలి.

ఇంకా ముఖ్యం, ఆ ఉత్తరం రాసేనాటికి బందా బతికే ఉన్నాడు. అతని నిధుల గుట్టు రాబట్టేందుకు ప్రాణాలతో ఉంచారని ఉత్తరమే చెబుతోంది. అతన్ని చంపింది జూన్‌లో. అయినా బందా చిత్రహింసలకూ కొడుకు హత్యకూ ఈ ఉత్తరాన్నే సాక్ష్యంగా చూపిస్తుంటారు. మూడు నెలల తర్వాత జరిగినదానికి ఇది సాక్షి ఎలా అవుతుంది?

"కళ్లారా చూశాను" అన్న మాట దగ్గరా ఆగండి. తల్లి విడుదల ఉత్తర్వు తెచ్చినా, తన గురువును వదలనని చావుకే మొగ్గిన యువకుడి సంగతిని మొఘల్ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ తాను చూసినట్టే రాశాడు. కానీ అతని చరిత్ర 1730ల దాకా సాగింది. "చూశానని అంటున్నాడు" అని రాసుకుని, సమకాలికుడైన మీర్జా ముహమ్మద్ రాతతో పోల్చండి.

సాక్షుల్లో శత్రువుకే ఎక్కువ విలువ ఇవ్వాలి, అతను తన పక్షానికి ఎదురుగా మాట్లాడిన చోట. 1764-65లో అఫ్గాన్ పాలకుడు అహ్మద్ షా అబ్దాలీ దండయాత్ర వెంట వెళ్లిన ఖాజీ నూర్ ముహమ్మద్ పర్షియన్ పద్యాల్లో "జంగ్‌నామా" రాశాడు. సిక్కులను కుక్కలని తిట్టినవాడే, యుద్ధంలో వాళ్లు సింహాలని ఒప్పుకున్నాడు. 1764 డిసెంబరులో చక్ దగ్గర ముప్పై మందే ఉన్నారని, చావంటే రవ్వంత భయం లేకుండా షా సైన్యానికి ఎదురొచ్చారని రాశాడు. అబ్దాలీ గొప్ప చాటే కవికి ఆ చిన్న సంఖ్య కల్పించి వచ్చే లాభమేమీ లేదు. అందుకే నమ్మవచ్చు. అయితే సైన్యం వెంట ఉండటం వేరు, ఆ పోరు ఎదుట నిలబడి చూడటం వేరు. నాలుగో గడిలో "దండులో ఉన్నాడు" అని మాత్రమే రాయండి.

సిక్కుల చరిత్ర రాసిన రతన్ సింగ్ భంగూను పక్కన పడేసేవాళ్లూ ఉన్నారు, అది ఇంకో తప్పు. గుర్బక్ష్ సింగ్ గాథను విస్తారంగా చెప్పిన అతని "పంథ్ ప్రకాశ్" 1841 నాటిది, అంటే 77 ఏళ్ల తర్వాతది. కానీ అతను 1740లో అమృత్‌సర్‌లోని మొఘల్ అధికారి మస్సా రంగఢ్‌ను చంపిన మెహతాబ్ సింగ్ మనవడు. ఇంట్లో పెద్దలు చెప్పుకున్నది అతని చెవిన పడింది. దాన్ని "కుటుంబ స్మృతి" అని వేరుగా గుర్తు పెట్టండి, ప్రత్యక్ష సాక్ష్యంలో కలపకండి.

తేదీల పని చిన్నదే. 1752కు ముందు ఇంగ్లీషువాళ్ల తేదీని ఇప్పటి క్యాలెండర్‌లోకి మార్చాలంటే 18వ శతాబ్దంలో 11 రోజులు కలపాలి. వాళ్ల సంవత్సరం మార్చి 25న మారేది. విక్రమ సంవత్సరంలోంచి 57 తీసేయండి, ఆ విక్రమ ఏడాది చివరి నెలలకు 56. హిజ్రీకి పట్టిక చూడాల్సిందే.

చివరికి వరసలు ఇలా ఉండాలి. ముప్పై మంది నిర్భయంగా ఎదురొచ్చిన పోరు: ఖాజీ, దండులో ఉన్నాడు. గుర్బక్ష్ సింగ్ గాథ విస్తారంగా: భంగూ, 1841, కుటుంబ స్మృతి. బందీల స్థైర్యం: సర్మన్, స్టీఫెన్సన్, మార్చి 1716, ఢిల్లీలో ఉన్నారు. బందా మరణం: ఈ ఉత్తరం పనికిరాదు, వేరే సాక్షి కావాలి. అలాంటి సాక్షి దొరికేదాకా ఆ గడిని ఖాళీగానే ఉంచండి, పక్క వరసలోని సాక్షిని తెచ్చి అందులో కూర్చోబెట్టకండి.