స్పెయిన్‌లో బయటి భోజనం, పండగ విందు: వేళ, హమోన్, వడ్డన

స్పెయిన్‌కి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు మొదటి వారం పస్తులుండేది తిండి దొరక్క కాదు, వేళ తెలియక. సాయంత్రం ఆరున్నరకి పిల్లలకి ఆకలేసి బయల్దేరితే హోటలు తలుపు తీసే ఉంటుంది, బల్లలు సర్దే ఉంటాయి, వంటగదిలో పొయ్యి మాత్రం వెలగదు. ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా వెలిగించరు కూడా.

రోజు నడిచే తీరు ఇది. పొద్దున కాఫీ, దాంతో ఒక టోస్టో బిస్కెట్లో. పదకొండు ప్రాంతంలో చిన్న శాండ్‌విచ్ లాంటి బొకాదియో. అసలు భోజనం మధ్యాహ్నం 2 నుంచి 3:30 మధ్య, అదే రోజంతటికీ పెద్ద తిండి. పిల్లలకి ఆరింటి ప్రాంతంలో మెరియెందా, అంటే మన సాయంత్రం టిఫిన్. రాత్రి భోజనం 9 తర్వాతే, అదీ తేలిగ్గా. హోటలు వంటగదులు సుమారుగా ఒంటిగంట నుంచి నాలుగు దాకా, మళ్లీ ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా నడుస్తాయి. ఆదివారం రాత్రి, సోమవారం చాలా చోట్ల సెలవు. కుటుంబాలు నడిపే చిన్న హోటళ్లు ఆగస్టులో రెండు మూడు వారాలు తాళం వేసి ఊళ్లకి పోతాయి.

ఇంత ఆలస్యం ఎందుకంటే, స్పెయిన్ 1940లో తన గడియారాన్ని గంట ముందుకి జరిపి మధ్య యూరప్ కాలంలో కలిపింది, మళ్లీ వెనక్కి తిప్పలేదు. భూగోళం లెక్కన ఆ దేశం లండన్ వరసలో ఉంది. వేసవిలో మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం రెండు దాటుతుంది. ఎండని బట్టి చూస్తే వాళ్లదీ పన్నెండింటి భోజనమే.

మధ్యలో ఆకలేస్తే బార్‌కి వెళ్లండి. మన ఊళ్లో బార్ అంటే వచ్చే అర్థం ఇక్కడ లేదు. తాతలు కాఫీ తాగేది, తల్లులు చంటిబిడ్డ బండితో కూర్చునేది, పిల్లలు బడి నుంచి వచ్చి చిప్స్ తినేది అక్కడే. 2011 నుంచి లోపల సిగరెట్ నిషేధం. బయటి కుర్చీల దగ్గర మాత్రం పొగ ఉంటుంది. అద్దాల పెట్టెలో పెట్టిన బంగాళాదుంప, గుడ్ల తోర్తియా ముక్క ఏ వేళకైనా దొరుకుతుంది.

మెనూ దెల్ దియా

డబ్బు ఆదా కావాలంటే బయటి భోజనం పని రోజుల్లో మధ్యాహ్నం పెట్టుకోండి. తలుపు దగ్గర పలక మీద సుద్దతో రాసి ఉండే మెనూ దెల్ దియాలో మొదటి వంటకం, రెండో వంటకం, తీపి లేదా కాఫీ, రొట్టె, ఒక పానీయం కలిపి ఒకే ధర. మామూలు పేటల్లో 12 నుంచి 16 యూరోలు. 1960ల్లో పర్యాటకుల కోసం ప్రభుత్వం నిర్బంధంగా పెట్టించిన చవక భోజనం నుంచి వచ్చిన పద్ధతి ఇది. రాత్రి అడిగితే ఉండదు. అదే హోటల్లో అవే వంటకాలు రాత్రి విడివిడిగా అడిగితే బిల్లు రెట్టింపు కావడం మామూలే.

శాకాహారులకి ఇందులో ఒక కిటుకు ఉంది. రెండో వంటకాల్లో దాదాపు అన్నీ మాంసమో చేపో. పప్పులు, సూప్‌లు, కూరగాయలు, అన్నం మొదటి వరసలో ఉంటాయి. అందుకని “పుయెదో పెదీర్ దోస్ ప్రిమెరోస్?” అని అడగండి. మొదటి వరస నుంచే రెండు తీసుకోవచ్చా అని అర్థం. చాలా చోట్ల సరేనంటారు.

హమోన్ మాంసం కాదా?

“సోయ్ వెహెతరియానో” అని చెప్పి నిశ్చింతగా కూర్చుంటే దెబ్బ తినేది ఇక్కడే. ఉప్పు వేసి ఆరబెట్టిన పంది తొడ, హమోన్, చాలామంది వంటవాళ్ల దృష్టిలో మాంసం కింద లెక్క కాదు, మన కరివేపాకు లాంటి రుచి సరుకు. బీన్స్ వేపుడులో ముక్కలు పడతాయి. పుట్టగొడుగుల్లో, ఆర్టిచోక్‌లో పడతాయి. సాల్మొరేహో అనే చిక్కటి టమాటా చల్ల సూప్ పైన గుడ్డుతో పాటు చల్లుతారు. పప్పు అనుకుని లెంతేహాస్ అడిగితే అందులో చొరీసో సాసేజ్ తేలుతుంది. ‘మిక్స్‌డ్ సలాడ్’లో ట్యూనా చేప ఉండటం దాదాపు ఖాయం. కూరగాయల పయేయా (పెద్ద పెనంలో వండే అన్నం) కూడా చికెన్ ఉడికించిన నీళ్లతో వండి ఉండవచ్చు. బ్రావస్ ఆలూ మీద పోసే ఎర్ర సాస్‌లోనూ కొందరు మాంసపు రసం వాడతారు.

కాబట్టి ‘శాకాహారిని’ అని ఒక్క మాట అనకుండా పేరుపేరునా చెప్పాలి: “నో కోమో కార్నే, ని పెస్కాదో, ని హమోన్, ని అతూన్, ని కాల్దో దె కార్నే.” మాంసం, చేప, హమోన్, ట్యూనా, మాంసపు రసం ఏదీ తినను అని. గుడ్డు కూడా వద్దంటే చివర “ని వేవో” చేర్చండి, ఎందుకంటే ఇక్కడి శాకాహారంలో గుడ్డు ఉంటుంది. ప్రతి వంటకానికీ “యేవా హమోన్?” అని, అంటే హమోన్ పడుతుందా అని అడిగితే ఎవరూ విసుక్కోరు. గొడ్డు మాంసం ఒక్కటే వద్దనుకునేవారు “తెర్నేరా”, “వాకా” రెండు మాటలూ గుర్తుపెట్టుకోవాలి. ‘కార్నే పికాదా’ అనే కైమాలో, మీట్‌బాల్స్‌లో గొడ్డు, పంది కలిపి ఉండటం ఎక్కువ.

అనుమానం తీరకపోతే అలర్జీల పట్టిక అడగండి. యూరప్ చట్టం ప్రకారం 14 అలర్జీ కారకాల సమాచారం ప్రతి హోటలూ ఇవ్వాలి. అందులో చేప, గుడ్డు, పాలు తెలుస్తాయి. పంది మాంసం అలర్జీ కాదు కనుక ఆ పట్టికలో కనిపించదు, అది నోటితో అడగాల్సిందే.

ధైర్యంగా అడగదగ్గవి కొన్ని ఉన్నాయి. వేసవిలో గస్పాచో అనే పల్చటి టమాటా చల్ల సూప్. బాదం, వెల్లుల్లి, రొట్టె రుబ్బి చేసే తెల్లటి అహోబ్లాంకో. నూనెలో వేయించి రాతి ఉప్పు చల్లిన చిన్న పద్రోన్ మిరపకాయలు, వీటిలో ఎప్పుడో ఒకటి గట్టిగా కారం తగులుతుంది. సెవియాలో శనగలు వేసిన పాలకూర. కోర్దోబాలో చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు. బార్సెలోనా వైపు రొట్టె మీద టమాటా రుద్ది నూనె పోసినది. కాల్చిన వంకాయ, క్యాప్సికం కలిపిన ఎస్కలివాదా మీద ఒక్కోసారి ఆంచోవీ చేప పెడతారు, చూసుకోండి. వేపుళ్లకి చేపలు వేయించిన నూనే వాడొచ్చు, అది పట్టింపు ఉంటే వేపుళ్ల జోలికి పోకపోవడమే నయం.

కారం మీద ఆశ పెట్టుకోకండి. ‘పికాంతె’ అని హెచ్చరించి తెచ్చినది కూడా మన పిల్లలు తినేస్తారు.

బల్ల దగ్గర

తపా అంటే ఒకరికి రెండు ముద్దలు, రసియోన్ అంటే ముగ్గురు నలుగురికి ఒక పళ్లెం, మధ్యస్థంగా మేదియా రసియోన్. నలుగురికి నాలుగు రసియోన్‌లు, రొట్టె సరిపోతాయి. గ్రనాదా, అల్మెరియా, హయెన్, లెయోన్ ఊళ్లలో పానీయం అడిగితే తపా ఊరికే వస్తుంది. దాన్ని వద్దనడానికి మొహమాటపడి మాంసం ముందు పెట్టుకుని కూర్చోవద్దు. పానీయం చెప్పేటప్పుడే “సిన్ కార్నే” అనండి.

రసియోన్ పళ్లెం బల్ల మధ్యలో పెట్టి అందరూ ఎవరి ఫోర్కుతో వాళ్లు నేరుగా అందులోంచే తింటారు. ఎంగిలి అన్న ఆలోచన వాళ్లకి లేదు, అది స్నేహం. అదే ఫోర్కు హమోన్ లోంచి తోర్తియాలోకి వస్తుంది. ఇబ్బంది అనిపిస్తే పళ్లెం రాగానే మీ వంతు వేరే తీసేసుకోండి. “ఉన్ ప్లాతో మాస్, పోర్ ఫవోర్” అంటే ఇంకో ప్లేటు ఇస్తారు.

కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2022 నాటి చట్టం చెబుతోంది. కానీ నీళ్లు అంటే సీసా తెస్తారు, అందుకని “ఆగ్వా దెల్ గ్రీఫో” అని స్పష్టంగా అనాలి. ధరల్లో 10 శాతం పన్ను కలిసే ఉంటుంది. బయటి కుర్చీల్లో కూర్చుంటే అదనంగా వేయవచ్చు, అది ముందే రాసి ఉండాలి. టిప్పు తప్పనిసరి కాదు, బాగుందనిపిస్తే చిల్లర వదిలేస్తారు. మిగిలినది పొట్లం కట్టమనడానికి సిగ్గుపడక్కర్లేదు: “పారా యెవార్.”

బిల్లు అడిగేదాకా రాదు. అది నిర్లక్ష్యం కాదు, అడక్కుండా తేవడమే పొమ్మనడం. తిన్నాక గంటసేపు కబుర్లతో కూర్చోవడానికి సోబ్రెమేసా అని పేరే ఉంది. వెళ్లాలంటే “లా క్వెంతా, పోర్ ఫవోర్.” స్నేహితులతో వెళ్తే బిల్లు తలా సమంగా పంచుతారు, నీళ్లు తాగినవాడికీ వైన్ తాగినవాడికీ తేడా చూడరు. పుట్టినరోజు అయితే పుట్టినవాళ్లదే ఖర్చు.

ఇంటికి పిలిస్తే

స్పెయిన్‌వాళ్లు తొందరగా బయట కలుస్తారు, ఇంటికి పిలవడానికి టైం తీసుకుంటారు. పిలిచారంటే దగ్గర చేసుకున్నట్టే. రెండింటికి రమ్మంటే రెండుంబావుకి వెళ్లండి, ముందు మాత్రం వెళ్లొద్దు. ఏం తినరో రెండు రోజుల ముందే చెప్పండి, గుమ్మంలో కాదు. పేస్ట్రీ కొట్టులో తూకానికి అమ్మే చిన్న కేకులు అరకిలో ట్రేలో కట్టించుకుని తీసుకెళ్తే నలుగురైదుగురికి సరిపోతాయి. పువ్వులైతే చామంతులు వద్దు. మనకి పూజ పువ్వు, వాళ్లకి నవంబర్ 1న సమాధుల మీద పెట్టే పువ్వు. చెప్పులు గుమ్మంలో విప్పకండి. చాలా ఇళ్లలో బూట్లతోనే తిరుగుతారు, మీరు విప్పితే వాళ్లే కంగారు పడతారు.

రొట్టెని ప్లేటు పక్కన బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు, చేత్తో తుంచుతారు. మొదటిసారి అడిగినప్పుడు మొహమాటానికి “చాలు” అంటే నిజంగానే చాలనుకునే వాళ్లు ఎక్కువ. మళ్లీ మళ్లీ బతిమాలి వడ్డించేది అమ్మమ్మలే. కావాలంటే కావాలనండి. మందు తాగనివాళ్లకి మోస్తో అనే ద్రాక్షరసం ఇంచుమించు ప్రతి బార్‌లోనూ ఉంటుంది, కారణం చెప్పక్కర్లేదు.

డిసెంబర్ నుంచి జనవరి 6 దాకా

డిసెంబర్ 24 రాత్రి, నోచెబుయేనా, ఇంటి భోజనం. టీవీలో తొమ్మిదింటికి రాజుగారి ప్రసంగం అయ్యాకే కూర్చుంటారు. హోటళ్లు మధ్యాహ్నంతో మూసేస్తాయి, చాలా ఊళ్లలో బస్సులు కూడా ముందే ఆగిపోతాయి. ఎవరూ పిలవకపోతే పొద్దున్నే సరుకులు తెచ్చుకోవాలి. రొయ్యలు, కాల్చిన గొర్రెపిల్ల, చేప ప్రధానం. శాకాహారులకి సూపు, సలాడ్ తప్ప మిగిలేది చివర వచ్చే తీపి పళ్లేలే. అక్కడా జాగ్రత్త: పోల్వొరోన్‌లు, మంతెకాదోలు నోట్లో ఇసుకలా కరిగేది పంది కొవ్వు వల్ల. లేబుల్ మీద “మంతేకా దె సెర్దో” ఉంటే అదే. ఆలివ్ నూనెతో చేసినవీ అమ్ముతారు. తుర్రోన్ బాదం, తేనె, చక్కెర, గుడ్డు తెల్లసొనతో చేస్తారు. హిహోనా ఊరిది మెత్తన, అలికాంతె ఊరిది గట్టి, కట్టుడు పళ్లవాళ్లు మెత్తనిదే తినండి. కాటలోనియాలో 25 మధ్యాహ్నం పెద్ద గవ్వల పాస్తా వేసిన మాంసపు సూపు, 26న కనెలోన్‌లు, అంటే మాంసం కూరిన పాస్తా చుట్టలు.

31 రాత్రి పన్నెండు ద్రాక్షలు. మాడ్రిడ్ పుయెర్తా దెల్ సోల్ గడియారాన్ని టీవీలో చూస్తూ ఒక్కో గంట మోతకి ఒకటి చొప్పున తినాలి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఒకే చోట: ముందు నాలుగు జంట గంటలు మోగుతాయి, అవి లెక్కలోకి రావు. అవి అయ్యాక మూడేసి సెకన్లకి ఒకటి చొప్పున పన్నెండు. మొత్తం 36 సెకన్లలో గింజలున్న పెద్ద ద్రాక్షలు మింగడం కష్టం. గింజ తీసి తొక్క వలిచిన పన్నెండు పళ్ల చిన్న డబ్బాలు అమ్ముతారు. అయిదేళ్ల లోపు పిల్లలకి మాత్రం నిలువునా నాలుగు ముక్కలు చేసి, గంటల వేగంతో పని లేకుండా పెట్టండి. గొంతుకి అడ్డం పడే పండు అది.

జనవరి 6న, ముగ్గురు రాజుల పండగకి, రోస్కోన్ అనే వలయాకారపు తీపి రొట్టె. లోపల ఒక చిన్న బొమ్మ, ఒక ఎండు చిక్కుడు గింజ దాచి ఉంటాయి. బొమ్మ వచ్చినవారికి అట్ట కిరీటం, గింజ వచ్చినవారికి రొట్టె ఖర్చు. కొరికేముందు పిల్లల ముక్క విప్పి చూడండి. మంచి కొట్లలో కావాలంటే ముందే చెప్పి ఉంచుకోవాలి. 25, 1, 6 తేదీల్లో దుకాణాలు మూతే.

మీరు పిలిచినప్పుడు

ఉగాదికో సంక్రాంతికో స్పెయిన్ స్నేహితుల్ని పిలిస్తే మధ్యాహ్నం రెండున్నరకి పెట్టండి. కారం మీరు వేసేదాంట్లో నాలుగో వంతు చాలు, పచ్చళ్లు వేరే గిన్నెలో. అన్నీ ఒకేసారి వడ్డిస్తే ఏది ముందు, దేంతో ఏది కలపాలో తెలియక పప్పుని సూపులా తాగేస్తారు. ఒక్కమాట ముందు చెబితే చాలు. చేత్తో తినమని బలవంతపెట్టక, చెంచాలు బల్ల మీద ఉంచండి.

సరుకులకి మాడ్రిడ్‌లో లావాపియెస్, బార్సెలోనాలో రవాల్ పేటల్లో దక్షిణాసియా కొట్లు ఉన్నాయి. మినప్పప్పు, చింతపండు, ఇంగువ అక్కడే. మిగతావి పక్కనున్న సూపర్‌మార్కెట్‌లోనే: బెల్లానికి బదులు పనేలా, శనగపిండికి ‘అరీనా దె గర్బాన్సో’, రవ్వకి ‘సేమొలా’, గుగ్గిళ్లకి సీసాలో ఉడికించిన శనగలు (కడిగి, ఉప్పు చూసుకుని తాలింపు వేయండి, అప్పటికే ఉప్పు ఉంటుంది). బోంబా బియ్యం గుండ్రంగా ఉంటుంది, రసం పీల్చుకోవడానికి పనికొస్తుంది గానీ పులిహోరకి పొడిపొడిగా రాదు. పరమాన్నానికి బాగుంటుంది.

అద్దె ఫ్లాట్లలో ఎక్కువగా గాజు పలక లేదా ఇండక్షన్ పొయ్యి. ఇండియా నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద వేడెక్కదు, అడుగుకి అయస్కాంతం అంటుకుంటేనే పనిచేస్తుంది. తాలింపు పెట్టేముందు ఎగ్జాస్ట్ వేసి, మెట్లవైపు తలుపు మూసి, వీధివైపు కిటికీ తీయండి. ఎండుమిర్చి ఘాటు మెట్ల మీదుగా అయిదో అంతస్తు దాకా పోతుంది, మర్నాడు లిఫ్టులో పక్కింటావిడ దగ్గుతూ పలకరిస్తుంది.