బస్తీ లెక్క తీయడం ఎలా: జనాభా, ఇళ్లు, ఉపాధి వివరాల సేకరణకు ఒక మార్గదర్శిని

సికింద్రాబాదులో వారాసిగూడ, పార్శీగుట్ట వంటి పాత బస్తీల్లో ఏ గల్లీలోకి వెళ్లినా ఒకే గేటు వెనక రెండు మల్గీలు (దుకాణపు గదులు), వాటి వెనక రెండు పోర్షన్లు, పై అంతస్తుల్లో మరో మూడు, అన్నిటికీ పైన రేకులు వేసిన ఒక గది ఉన్న కట్టడం కనిపిస్తుంది. ఇక్కడ ఎన్ని ఇళ్లున్నాయని అడిగితే యజమాని ఒకటే అంటారు, ఆస్తిపన్ను రసీదు కూడా సాధారణంగా ఆ మాటే చెబుతుంది. గోడకు బిగించిన కరెంటు మీటర్లు ఎనిమిది ఉంటాయి. పొయ్యి వెలిగే చోట్లు ఆరో ఏడో ఉంటాయి. ఈ జవాబులన్నీ నిజమే. ఏ జవాబును ఏ గడిలో రాయాలో ముందుగా తేల్చుకోకుండా ఇల్లిల్లూ తిరిగినవారికి చివరకు ఒకదానితో ఒకటి కుదరని కూడికలే మిగులుతాయి. కాలనీ సంక్షేమ సంఘమైనా, కళాశాల విద్యార్థుల బృందమైనా, బస్తీ దవాఖానా కోసమో అదనపు అంగన్‌వాడీ కోసమో వినతిపత్రం రాయదలచిన పదిమందైనా తమ ప్రాంతపు జనాభా, నివాసం, ఉపాధి వివరాలను తామే సేకరించుకోవడానికి పనికివచ్చే పద్ధతిని కింద వివరిస్తున్నాను.

హద్దు, తేదీ

మొదటి పని ప్రశ్నావళి రాయడం కాదు, హద్దు గీయడం. నగరం మొత్తానికే హద్దును బట్టి అంకె మారిపోతుంది. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323; అదే లెక్కలో మహానగరపాలక సంస్థ పరిధి జనాభా 67 లక్షలు దాటింది; చుట్టుపక్కల పట్టణ ప్రాంతాన్ని కలిపితే అది సుమారు 77 లక్షలయింది. ఈ మూడింటినీ ‘హైదరాబాద్ జనాభా’ అనే పేరుతోనే ఉటంకిస్తుంటారు. వార్డు స్థాయిలో చిక్కు ఇంకా ఎక్కువ. 2007లో పాత నగరపాలక సంస్థలో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2016 ఎన్నికలకు ముందు 150 వార్డుల హద్దులను సవరించారు. 2025 చివరలో శివారు పురపాలికలను కలిపినప్పుడు వార్డులను మళ్లీ విభజించారు. అందువల్ల 2011 నాటి వార్డు అంకెలను నేటి వార్డు పేరు కింద రాసి, జనాభా ఇంత శాతం పెరిగిందని తేల్చడం అంకగణితంలో ఒప్పు అయినా అర్థంలో తప్పు.

కాబట్టి వార్డును నమ్ముకోవడం కంటే నేలమీద కదలని గుర్తులను పట్టుకోవడం మేలు. నాలా, రైలు పట్టాలు, ప్రధాన రహదారి, శ్మశానం గోడ వంటివి మంచి హద్దులు. వాటి వెంట ఒకసారి పూర్తిగా నడిచి, చేతిగీత పటం ఒకటి తయారుచేసుకోవాలి. రహదారి హద్దుగా ఉన్నచోట దాని మధ్యగీత వరకే మన ప్రాంతమని ముందే రాసిపెట్టుకోకపోతే, రెండు బృందాలు ఎదురెదురు వరుసలను రెండుసార్లు లెక్కపెట్టడమో, అవతలివారు చూసుకుంటారులే అని ఇద్దరూ వదిలేయడమో జరుగుతుంది. పాత నగరపు ఇంటి నంబర్లను ఆధారం చేసుకోవద్దు. గీతలతో విడదీసిన మూడు భాగాల నంబర్లు, వాటికి తోడు బై నంబర్లు ఒకే గల్లీలో వరుస తప్పి కనిపిస్తాయి. ఎడమచేతి గోడను వదలకుండా నడుస్తూ మీ సొంత వరుస సంఖ్యను పటంలో వేసుకుంటూ పోవడమే సురక్షితం.

తేదీ విషయం రెండు మాటల్లో చెప్పవచ్చు. 2011 జనగణనకు ఆ ఏడాది మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి ప్రమాణ సమయం. అలాగే మీరు కూడా ఒక తేదీని నిర్ణయించుకుని, ఆ తరువాత పుట్టినవారిని, కొత్తగా అద్దెకు దిగినవారిని లెక్కలోకి తీసుకోకూడదు. సంక్రాంతికి, బతుకమ్మ–దసరా రోజులకు ఆ తేదీని దగ్గరగా పెట్టవద్దు. సగం గల్లీ ఊరికి పోయి ఉంటుంది.

ఇల్లు వేరు, కుటుంబం వేరు

జనగణనవారి నిర్వచనాలను అరువు తెచ్చుకోవడం ఉత్తమం, ఎందుకంటే రేపు మీ అంకెలను అధికారిక అంకెలతో పోల్చడానికి వీలవుతుంది. వారి లెక్కలో రహదారినుంచో, ఉమ్మడి ప్రాంగణంనుంచో, మెట్లనుంచో విడిగా ప్రధాన ద్వారం ఉన్న ప్రతి భాగమూ ఒక ‘గణన గృహం’. అందులో మనుషులు ఉండవచ్చు, దుకాణం ఉండవచ్చు, తాళం ఉండవచ్చు. పైన చెప్పిన కట్టడంలో భవనం ఒకటి, గణన గృహాలు ఎనిమిది, వాటిలో నివాసాలు ఆరు. ఇక కుటుంబమంటే సాధారణంగా కలిసి ఉంటూ, పని ఒత్తిడి వల్ల వీలుకాని రోజుల్లో తప్ప, ఒకే వంటశాలలో తినేవారు. ఈ రెండో నిర్వచనాన్ని బోధించడానికి మనవారికి పాఠం అక్కరలేదు. అన్నదమ్ములు ఒకే పోర్షన్‌లో ఉన్నా ‘పొయ్యి వేరు’ అంటే వేరుపడ్డారనే మన భాషలో అర్థం, జనగణన లెక్కా అదే: ఇల్లు ఒకటి, కుటుంబాలు రెండు. పెంట్‌హౌస్‌లో అద్దెకున్న ఐదుగురు యువకులు కలిసి వండుకుంటే ఒక కుటుంబం. ఎవరి మెస్ వారిదైతే ఐదు కుటుంబాలు. వినడానికి వింతగా ఉన్నా ఈ నియమాన్ని పాటించాలి, పాటించినట్టు నివేదికలో రాయాలి. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ వైపు లెక్క తీసేవారు హాస్టళ్లను మామూలు కుటుంబాల్లో కలపకుండా సంస్థాగత నివాసాలుగా వేరే పట్టికలో చూపాలి. లేకపోతే కుటుంబ సగటు పరిమాణం, స్త్రీపురుష నిష్పత్తి, వయసుల పంపిణీ మూడూ ఒక్కసారిగా వంకరపోతాయి.

గదుల లెక్కకూ కొలత ఉంది. గోడలు, ద్వారం, పైకప్పు ఉండి, కనీసం రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉంటేనే అది నివాసపు గది. వంటగది, స్నానాలగది, వరండా ఇందులోకి రావు. తెర కట్టి రెండుగా చేసుకున్న గది ఒక గదే. ఒక్కొక్క గదికి ఎంతమంది అనే సగటు బస్తీ ఇరుకును చెప్పినంత స్పష్టంగా గోడల రకమూ పైకప్పు రకమూ చెప్పలేవని నా అభిప్రాయం. ప్రశ్నలు తగ్గించుకోవలసి వస్తే దీనిని మాత్రం ఉంచుకోండి. సొంతమా, అద్దెనా అన్నది తప్పక అడగండి. అద్దె ఎంత అన్న ప్రశ్నకు యజమాని పక్కన నిలబడి ఉన్నప్పుడు వచ్చే జవాబు అద్దెదారు ఒంటరిగా చెప్పే జవాబుతో కలవకపోవచ్చు కాబట్టి ఆ ప్రశ్నను గుమ్మంలో కాక లోపల కూర్చున్నాక అడగాలి. నీటి విషయంలో పట్టణాలకు జనగణన కొలత వంద మీటర్లు: ఆవరణలోనే నీరుందా, వంద మీటర్ల లోపు తెచ్చుకుంటున్నారా, ఇంకా దూరమా.

తాళం వేసిన ఇల్లు, ఖాళీ ఇల్లు ఒకటి కావు. టు లెట్ బోర్డు ఉన్నది ఖాళీ. చెప్పులు, ఆరేసిన బట్టలు కనిపిస్తూ తాళం ఉన్నది కాపురం ఉన్న ఇల్లు. అక్కడికి వేర్వేరు వేళల్లో కనీసం మూడుసార్లు, అందులో ఒకసారి ఆదివారం పొద్దున వెళ్లాలి. రెండు ఉద్యోగాల ఇళ్లు పగలు దొరకవు, దొరకని ఇళ్లను వదిలేస్తే మీ ఉపాధి శాతం దానంతటదే పడిపోతుంది. శివారు కొల్లూరు వంటి చోట్ల ప్రభుత్వపు రెండు పడకగదుల ఇల్లు మంజూరైనా పనికోసం పాత బస్తీలోనే ఉంటున్నవారు తారసపడితే, కాగితం ఎక్కడున్నా మనిషి తిని పడుకునే చోటే లెక్కలోకి తీసుకోవాలి.

ఏం పని చేస్తారన్న ప్రశ్న

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. గడప దగ్గర నిలబడి “మీరేం పని చేస్తారమ్మా?” అని అడిగితే “నేనేం చేస్త, ఇంట్లనే ఉంట” అనే జవాబు వస్తుంది; లోపల మంచంమీద సగం కుట్టిన మగ్గం జాకెట్టు ఉంటుంది. లాడ్‌బజార్ చుట్టుపక్కల గల్లీల్లో లక్క గాజులకు రాళ్లు అద్దేవారు, చీరలకు ఫాల్ కుట్టేవారు, టిఫిన్ బండికి తెల్లవారుజామున పిండి రుబ్బి ఇచ్చేవారు తమ పనిని పని అనుకోరు, వారి ఇంటివారు అసలే అనుకోరు. అందుచేత ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా, గత పన్నెండు నెలల్లో డబ్బు వచ్చే పని ఇంట్లో కూర్చుని గానీ బయటికి వెళ్లి గానీ చేశారా, ఇంటివారి వ్యాపారంలో జీతం లేకుండా చేయి వేశారా, ఏ నెలల్లో చేశారు అని విడివిడిగా అడగాలి. వీలైనంతవరకు స్త్రీల జవాబును స్త్రీల నుంచే, స్త్రీలే వెళ్లి తీసుకోవాలి. భర్త చెప్పిన జవాబైతే ఫారంలో ఆ మాట గుర్తు పెట్టాలి.

తరువాతి చిక్కు కాలానిది. జనగణన ఏడాదిలో 183 రోజులు, అంటే ఆరు నెలలు, లేదా అంతకు మించి పనిచేసినవారిని ప్రధాన కార్మికులుగా, అంతకు తక్కువ చేసినవారిని ఉపాంత కార్మికులుగా విడదీస్తుంది. 2017 ఏప్రిల్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఉపాధి సర్వే, అంటే ఆవర్తన కార్మిక శక్తి సర్వేలో వారపు కొలమానం ప్రకారం గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసే కుటుంబాన్ని చవితికి ముందు వారపు కొలతతో అడిగితే ఇల్లంతా ఉపాధిలోనే ఉంటుంది, నిమజ్జనం అయిన మరుసటి వారం అడిగితే అందరూ ఖాళీ. ఆ ఇంట్లోనే సంక్రాంతికి గాలిపటాలు చేసే పని కూడా ఉంటే నెలల లెక్క మళ్లీ మారుతుంది. కృష్ణానగర్‌లో సినిమా షూటింగ్ పిలుపు కోసం ఎదురుచూసేవారి సంగతీ, పొద్దున అడ్డామీద నిలబడే కూలీల సంగతీ ఇంతే. వీరికి నిరుద్యోగి, ఉద్యోగి అనే రెండు గడులు చాలవు. నెలకు సగటున ఎన్ని రోజులు పని దొరికింది అనే ప్రశ్న ఒక్కటే వారి బతుకును కొంతైనా చూపుతుంది. మీరు ఏడాది లెక్కను తీసుకుని, రోజుల సంఖ్యను దానికి తోడుగా రాయండి.

శాతాలు కట్టేటప్పుడు హారం ఏదో స్పష్టంగా చెప్పాలి. లెక్క సులువుగా ఉండడానికి ఒక ఊహా ఉదాహరణ: బస్తీలో 1,000 మంది, వారిలో 15 ఏళ్లు నిండినవారు 750 మంది, పని చేస్తున్నవారు 390 మంది, అందరూ ఆ వయసు నిండినవారే, పని వెతుకుతున్నవారు 30 మంది అనుకుందాం. మొత్తం జనాభాతో భాగించే జనగణన పద్ధతిలో పనిలో ఉన్నవారు 39 శాతం. 15 ఏళ్లు నిండినవారితో భాగిస్తే 52 శాతం. నిరుద్యోగాన్ని మాత్రం జనాభాతో భాగించరు. పని చేస్తున్నవారు, వెతుకుతున్నవారు కలిపి 420 మంది కాబట్టి 30ని దానితో భాగిస్తే 7 శాతం పైచిలుకు వస్తుంది. ఒకే బస్తీ, ఒకే ఫారాలు. హారం రాయకుండా ‘39 శాతం’ అని ఒకరు, ‘52 శాతం’ అని మరొకరు ప్రకటిస్తే వారిద్దరూ అనవసరంగా వాదించుకుంటారు. అక్షరాస్యతకూ ఇదే జాగ్రత్త కావాలి: హైదరాబాద్ జిల్లాకు 2011లో చెప్పిన 83.25 శాతం ఏడేళ్లు, ఆపై వయసువారికి మాత్రమే వర్తిస్తుంది.

బస్తీలో నివసించేవారి ఉపాధి వేరు, బస్తీలో ఉన్న ఉపాధి వేరు. బేగంబజార్‌లో పగలు పనిచేసే హమాలీలు, గుమాస్తాలు అందరూ రాత్రి అక్కడ పడుకోరు. అందువల్ల నివాసుల ఫారంలో ‘పనిచేసే చోటు, వెళ్లే సాధనం, పట్టే సమయం’ అడిగి, మల్గీలకు, వర్క్‌షాపులకు విడిగా ఒక చిన్న ఫారం పెట్టాలి.

సరిచూసుకోవడం

సేకరించిన లెక్కను బయటి రిజిస్టర్లతో పోల్చవచ్చు, కానీ ఏ రిజిస్టరు దేనిని లెక్కపెడుతుందో గుర్తుంచుకోవాలి. ఆస్తిపన్ను సంఖ్య ఆస్తిని, కరెంటు మీటరు పోర్షన్‌ను, ఓటర్ల జాబితా 18 ఏళ్లు నిండినవారిని లెక్కపెడతాయి. పైగా ఆ జాబితాలో ఇల్లు మారిపోయినవారి పేర్లు ఏళ్ల తరబడి ఉండిపోతుంటాయి. జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) కనెక్షన్ అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే కావచ్చు. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో అంగన్‌వాడీ టీచరు రిజిస్టరు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. ఆమెకు ఏ ఇంట్లో ఎప్పుడు కాన్పు అయిందో తెలుసు. మీ పిల్లల సంఖ్య ఆమె సంఖ్య కంటే బాగా తక్కువ వస్తే ఏదో ఒక గల్లీ తప్పిపోయిందనే అనుమానించండి.

అన్ని ఇళ్లకూ పెద్ద ప్రశ్నావళి తీసుకువెళ్లే బలగం లేకపోతే, ఇళ్ల జాబితాను, మనుషుల సంఖ్యను మాత్రం అందరి దగ్గరా తీసుకుని, వివరమైన ఉపాధి ప్రశ్నలను నమూనా కుటుంబాలకు అడగవచ్చు. 4,000 కుటుంబాల్లో 400 కావాలంటే ఒకటి నుంచి పది వరకు చీటీలు వేసి ఒకటి తీయాలి. ఏడు వస్తే ఏడో కుటుంబం, పదిహేడో, ఇరవయ్యేడో, అలా వెళ్లాలి. 400 కుటుంబాల నమూనాలో 50కి దగ్గరగా వచ్చే శాతానికి అటూ ఇటూ సుమారు 5 శాతం తేడా ఉండవచ్చని నివేదికలో రాయాలి. తలుపు తీయలేదని పక్కింటికి వెళ్లిపోవడం ఈ పద్ధతి మొత్తాన్నీ చెడగొడుతుంది.

ఆధార్ నంబరు అడగవద్దు, అవసరమూ లేదు. పేర్లున్న కాగితాన్ని జవాబుల ఫారంనుంచి వేరుచేసి, వరుస సంఖ్యతో మాత్రమే కలపాలి. ఏదైనా పట్టికలో ఒక గడిలో ఐదు కుటుంబాలకంటే తక్కువ మిగిలితే దానిని పక్క గడిలో కలిపేయాలి. గల్లీలో ఒకే ఒక్క కుటుంబం ఫలానా వృత్తి చేస్తుంటే, పేరు రాయకపోయినా అది ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా ప్రభుత్వం ప్రకటించింది. ఆ అంకెలు వెలువడినప్పుడు మీ లెక్కతో పోల్చడానికి మీ చేతిగీత పటం, ఖాళీ ఫారం, మీరు వాడిన నిర్వచనాల పుట, లెక్క తీసిన తేదీ నాలుగూ నివేదికకు జతచేసి, సంఘం కార్యాలయంలో ఒక ప్రతి, బస్తీలోని పాఠశాలలో ఒక ప్రతి ఉంచండి.