ఒకే ఔట్‌బోర్డ్ మోటారుతో బోటులోని రెండు బ్యాటరీలను ఛార్జ్ చేయడం ఎలా?

రాత్రంతా లైట్లు, జీపీఎస్, ఫిష్‌ఫైండర్ అన్నీ ఒకే బ్యాటరీ మీద నడిస్తే, తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టే సమయానికి అందులో ఏమీ మిగలదు. అందుకే స్టార్టింగ్‌కు ఒక బ్యాటరీ, మిగతా సామానుకు ఇంకొకటి పెట్టుకోవాలి. మోటారు నడుస్తున్నప్పుడు రెండూ నిండాలి, ఆగాక ఒకదాని కరెంటు ఇంకొకటి లాగకూడదు. ఈ పనిని వోల్టేజి చూసి రెండు బ్యాటరీలను తనంతట తాను కలిపే, విడదీసే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) చేస్తుంది. దుకాణాల్లో వీఎస్ఆర్ (వోల్టేజ్ సెన్సిటివ్ రిలే) అని అడగండి.

ముందు మోటారు ఎంత కరెంటు ఇస్తుందో దాని పుస్తకంలో చూడండి. చిన్న 9.9 హార్స్‌పవర్ మోటార్లలో చాలావాటికి 6 ఆంపుల దగ్గరే ఉంటుంది, అదీ బాగా వేగంగా నడిచినప్పుడు. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒకటి రెండు ఆంపులు వస్తే గొప్ప. రాత్రి 30 ఏహెచ్ (ఆంపులను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) వాడితే తిరిగి నింపడానికి సుమారు 35 ఏహెచ్ కావాలి. అంటే 6 ఆంపుల మోటారు ఆరు గంటలు గట్టిగా తిరగాలి! వేట అంత దూరం లేకపోతే ఒడ్డుకొచ్చాక ఛార్జర్ పెట్టక తప్పదు. ఈ లెక్క వేయకుండా పెద్ద బ్యాటరీ కొంటే అది ఎప్పుడూ సగమే నిండి, ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకొని త్వరగా పాడవుతుంది.

తాడు లాగి స్టార్ట్ చేసే కొన్ని మోటార్లలో లైటింగ్ కాయిల్ (లైట్లకు కరెంటు పుట్టించే తీగచుట్ట) ఉన్నా రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది) ఉండదు. దాని నుంచి వచ్చేది ఏసీ, నేరుగా బ్యాటరీకి ఇవ్వకూడదు. రెక్టిఫైయర్‌తో పాటు వోల్టేజిని హద్దులో ఉంచే రెగ్యులేటర్ కూడా బిగించాలి. రెగ్యులేటర్ లేకపోతే వేగం పెరిగినప్పుడు వోల్టేజి 15 దాటి సీల్డ్ బ్యాటరీ ఉబ్బిపోతుంది.

ఇక వైరింగ్. మోటారు ఆపి, రెండు బ్యాటరీల మైనస్ వైర్లూ విప్పేయండి.

1. మోటారు లావు ఎర్ర కేబులును మెయిన్ స్విచ్ ద్వారా స్టార్టింగ్ బ్యాటరీ ప్లస్‌కు ఇవ్వండి.

2. రెండు బ్యాటరీల మైనస్‌లను లావు కేబుల్‌తో కలపండి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఇది లేకపోతే రెండో దానికి ఛార్జింగే రాదు.

3. రిలే ఒక పెద్ద బోల్టు నుంచి స్టార్టింగ్ బ్యాటరీ ప్లస్‌కు, రెండో బోల్టు నుంచి సామాను బ్యాటరీ ప్లస్‌కు 16 చదరపు మిల్లీమీటర్ల టిన్ పూత రాగి కేబుల్ వేయండి. రిలే సన్న నల్ల వైరు మైనస్‌కు వెళ్తుంది. రెండు ప్లస్‌ల దగ్గరా, అరచేతి దూరం దాటకుండా, 60 ఆంపుల ఫ్యూజు ఉండాలి. 20 ఆంపులది పెడితే ఖాళీ బ్యాటరీకి రిలే కలిసిన మొదటి క్షణంలోనే అది పోవచ్చు.

4. లైట్లు, జీపీఎస్ అన్నీ సామాను బ్యాటరీ నుంచే, విడివిడి ఫ్యూజులతో. నీళ్లు తోడే పంపుకు మాత్రం మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా సొంత ఫ్యూజుతో నేరుగా ఇవ్వండి.

5. మొదట్లో విప్పిన మైనస్ వైర్లు చివర్లో బిగించండి. పెట్రోలు ట్యాంకు పక్కన రిలే, బ్యాటరీ పెట్టొద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు. లగ్గులను (కేబుల్ కొసన బోల్టుకు తగిలించే లోహపు ముక్కలను) క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి, ఉప్పు గాలి తగలకుండా పెట్రోలియం జెల్లీ రాయండి.

ఇప్పుడు మల్టీమీటరు. ఆగి ఉన్నప్పుడు నిండిన బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపాలి. మోటారు వేగం పెంచితే స్టార్టింగ్ బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 రావాలి. సాధారణంగా 13.3 నుంచి 13.7 మధ్య రిలే ‘టక్’మని కలుస్తుంది, 12.8 దగ్గర విడిపోతుంది. కలిశాక రెండు బ్యాటరీల మధ్య తేడా 0.2 వోల్టు దాటితే ఎక్కడో లగ్గు వదులుగా ఉందన్నమాట.

రిలే పదే పదే టక్ టక్ అంటుంటే చెడిపోయిందనుకోవద్దు. మోటారు నెమ్మదిగా తిరుగుతూ రెండు ఆంపులిస్తుంటే లైట్లు అయిదు లాగుతున్నాయి. వోల్టేజి పడి విడిపోతుంది, మళ్లీ లేచి కలుస్తుంది. కొన్ని లైట్లు ఆపండి, లేదా వేగం పెంచండి.

మోటారు నడుస్తుండగా మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తే ఛార్జింగ్ కరెంటుకు పోయే దారి ఉండదు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి రెక్టిఫైయర్ డయోడ్లు కాలిపోతాయి. లిథియం బ్యాటరీని ఈ రిలేకు తగిలించవద్దు. అది చిన్న మోటారు కాయిల్‌ను వేడెక్కేదాకా పిండేస్తుంది. దానికి వేరే డీసీ-డీసీ ఛార్జర్ కావాలి.