విరామం తర్వాత కాళ్లు మొరాయిస్తే: ఫుట్‌బాల్ ఆటగాళ్ల సమస్యలు, పరిష్కారాలు

సీజన్ ముగిసి, కొన్ని వారాల విరామం గడిచి, జట్టు మళ్లీ మైదానంలోకి దిగిన మొదటి వారంలో వినిపించే ఫిర్యాదులు దాదాపు ఏటా ఇవే. నొప్పి ఆ వారంలో బయటపడుతుంది కానీ దాని మూలం చాలాసార్లు విరామంలోనే ఉంటుంది.

వేగం అందుకోగానే తొడ వెనుక పట్టేస్తోంది

ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కండరాల గాయం ఇదే. "విరామంలో రోజూ అయిదు కిలోమీటర్లు పరుగెత్తాను, అయినా ఎందుకు పట్టేసింది?" అని అడుగుతారు. కారణం ఆ ప్రశ్నలోనే ఉంది. మెల్లని పరుగులో తొడ వెనుక కండరానికి పెద్ద పని ఉండదు. పూర్తి వేగంలో మాత్రం, ముందుకు దూసుకెళ్లిన పాదం నేలను తాకబోయే ముందు, ఆ కండరం సాగుతూనే కాలిని నిలువరించాలి. వారాల తరబడి ఆ పని మరిచిన కండరానికి మొదటి రోజే పది స్ప్రింట్లు అప్పగిస్తే పోగులు చిరుగుతాయి.

అందుకే విరామంలో ఒక్కటే చేసే ఓపిక ఉందంటే, దూరం పరుగు మానేసి వేగం పరుగు ఉంచుకోమంటాను. వారానికి రెండు రోజులు, బాగా వార్మప్ చేశాక, 30 మీటర్ల పరుగులు ఆరు. మొదటి వారం మీ పూర్తి వేగంలో 70 శాతం చాలు, నాలుగో వారానికి పూర్తి వేగం. ప్రతి పరుగు తర్వాత ఊపిరి కుదుటపడేదాకా నడవాలి.

దీనికి నార్డిక్ వ్యాయామం తోడవ్వాలి. మెత్తటి చాప మీద మోకాళ్లపై నిలబడితే, తోటి ఆటగాడు మీ మడమలను నేలకు అదిమి పట్టుకుంటాడు. మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలో ఉంచి, వీలైనంత మెల్లగా ముందుకు వాలండి. ఒకచోట పట్టు తప్పుతుంది. అక్కడ అరచేతులతో నేలను అందుకోండి. నడుము దగ్గర వంగితే పని తేలికవుతుంది, ఫలితం పోతుంది. వారాలు గడిచేకొద్దీ ఆ పట్టు తప్పే చోటు నేలకు దగ్గరవుతుంది, మీ బలానికి కొలత అదే. మొదట్లో అయిదేసి చొప్పున రెండు విడతలు మించవద్దు, మరుసటి రోజు మెట్లు దిగడం కష్టమవుతుంది. క్రమం తప్పకుండా దీన్ని చేసిన జట్లలో ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని అధ్యయనాలు చెబుతున్నాయి. కండరం ఇప్పటికే పట్టేసి ఉంటే మాత్రం ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

రెండో సగంలో ఊపిరి అందడం లేదు

పూర్తిగా కూర్చుంటే దమ్ము రెండు నుంచి నాలుగు వారాల్లోనే స్పష్టంగా తగ్గుతుంది. కండబలం అంత త్వరగా పోదు, అందుకే మొదటి సగం బాగానే ఆడినట్టు అనిపిస్తుంది. మ్యాచ్‌లో ఆటగాడు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరిగినా అది ఏకబిగిన సాగే పరుగు కాదు. నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఇలా నాలుగు విడతలు వారానికి రెండుసార్లు పరుగెత్తండి. గట్టి విడతలో రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేని స్థితి రావాలి.

కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట నొప్పి

ఉన్నట్టుండి పరుగు పెంచడం, గట్టి నేల, అరిగిన బూట్లు. పరుగు తగ్గించి సైకిలో ఈతో పెట్టుకోండి, పిక్కలకు బలమిచ్చే వ్యాయామాలు చేయండి. నొప్పి అంచు పొడవునా కాక వేలితో చూపించగల ఒక్క చోటే ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడూ సలుపుతున్నా ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. ఓర్చుకుని ఆడకండి, డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

బంతిని గట్టిగా తన్నితే గజ్జలో లాగుతోంది

విరామంలో బంతి ముట్టుకోకుండా మొదటి రోజే దూరపు షాట్లు కొట్టడమే సాధారణంగా కారణం. చిన్న పాస్‌లతో మొదలుపెట్టి, దూరం వారం వారం పెంచండి. నొప్పి లేనప్పుడు తొడ లోపలి కండరాలకు బలం పెంచుకోండి.

ఒక్కరోజూ మానలేదు, అయినా కాళ్లు బరువుగా ఉన్నాయి

శ్రద్ధ ఎక్కువైన ఆటగాళ్ల సమస్య ఇది, వీళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. సీజన్ అలసట తీరకముందే శిక్షణ మొదలుపెట్టారు. మళ్లీ విశ్రాంతి తీసుకోవడమే మందు. ఒక వారం పరుగు ఆపి, రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోండి. వచ్చే ఏడాది చివరి మ్యాచ్ అయిన వెంటనే పది రోజులు బూట్లు తీసి పక్కన పెట్టండి. నడక, ఈత, ఇష్టమైన మరో ఆట చాలు.